ఇంట్లో బొగ్గు హమామ్: పొగ ఎందుకు తన్నుతుంది, నీళ్లు ఎందుకు వేడెక్కవు, ప్రమాదం ఎక్కడుంది?

డిసెంబరు మొదలైందంటే ఫజర్‌కు లేచే ఇళ్లలో మొదట వినిపించే మాట ‘నీళ్లు వేడయ్యాయా?’ అనే. గీజర్లు వచ్చాక చాలా ఇళ్లలో రాగి హమామ్ మేడ మీదికో, పెరట్లో ఓ మూలకో చేరిపోయింది. అయినా ఉమ్మడి కుటుంబాలున్న చోట, పెళ్లి ఇళ్లలో, తెల్లవారుజామున కరెంటు మీద నమ్మకం లేని ఊళ్లలో అది ఇంకా పనిచేస్తూనే ఉంది. పదిమంది వరసగా స్నానం చేయాల్సిన ఇంట్లో 15 లీటర్ల గీజర్ రెండో మనిషికే చల్లబడిపోతుంది. హమామ్ అలా కాదు, కింద నిప్పు ఉన్నంతసేపూ, పైన నీళ్లు పోస్తున్నంతసేపూ ఇస్తూనే ఉంటుంది.

ఇబ్బంది ఏంటంటే, దాని మంచీచెడ్డా తెలిసినవాళ్లు తగ్గిపోయారు. వీధిలోకి వచ్చి కేక వేసే కళాయివాళ్లు, మాట్లు వేసేవాళ్లు ఇప్పుడు అరుదు. అందుకే నల్లా దగ్గర చుక్క కారినా, పొగ వెనక్కి తన్నినా హమామ్‌ను తీసుకెళ్లి రాగి ధరకు తూకం వేసేస్తున్నారు. నిజానికి దానికి వచ్చే జబ్బుల్లో చాలావరకు ఇంట్లోవాళ్లే కనిపెట్టొచ్చు. దాంట్లో ఉన్నవి రెండే దారులు. ఒకటి గాలి దారి, రెండోది నీళ్ల దారి. లోపం ఏదైనా ఈ రెండింటిలో ఒకచోట ఉంటుంది.

హమామ్ అనేది అరబ్బీ మాట, స్నానశాల అని అర్థం. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో అంత్య స్నానం చేయించిన పాత హమామ్ కట్టడం ఇప్పటికీ చూడొచ్చు. దక్కన్ ఇళ్లలో మాత్రం ఆ పేరు నీళ్లు కాచే పాత్రకే స్థిరపడింది. తెలుగిళ్లలో దీన్నే రాగి బాయిలర్ అంటారు. మహారాష్ట్ర వైపు బంబ్ అంటారు.

లోపల ఏముంటుంది

పైనుంచి చూస్తే అది రాగి లేదా ఇత్తడి డ్రమ్. లోపల నడిమధ్యన కింది నుంచి పై దాకా నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. నిప్పు ఉండేది ఆ గొట్టంలోనే. దాని చుట్టూ నీళ్లు. గొట్టం అడుగున ఇనుప జాలీ, దాని కింద బూడిద రాలే అర, దానికో చిన్న తలుపు. కట్టెలు, బొగ్గులు పైనుంచి గొట్టంలో వేస్తారు. గాలి కింద తలుపు నుంచి వస్తుంది, పొగ పైనుంచి పోతుంది.

నీళ్ల వైపు రెండు రకాలున్నాయి. ఒక రకంలో పైన మూత తీసి నీళ్లు నింపుతారు, కింద నల్లా తిప్పి పట్టుకుంటారు. రెండో రకంలో నల్లా తిప్పే పని లేదు. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్కనున్న మూతిలోంచి ఒక చెంబు వేడినీళ్లు బయటికి వస్తాయి. గరాటు కింద సన్నని గొట్టం ఒకటి డ్రమ్ అడుగుదాకా వెళ్తుంది. చన్నీళ్లు అడుగున చేరి, తేలికైన వేడినీళ్లను పైకి నెడతాయి. ఇంట్లో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే జబ్బులు కూడా వేరు వేరు.

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి

బొగ్గు సరిగా గాలి తగలకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ఊపిరిలోకి వెళ్లిందంటే రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును ఇది ఆక్రమిస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గదిలో కొంచెం ఉన్నా ఒంట్లో పోగవుతూ పోతుంది.

మనోళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కట్టెలు మండితే పొగ వస్తుంది కాబట్టి తలుపులు తెరుస్తారు. కట్టె బొగ్గు ఎర్రగా నిండా కణకణలాడుతుంటే పొగ కనిపించదు. ‘పొగ లేదు కదా’ అని హమామ్‌ను బాత్‌రూమ్‌లోనే పెట్టి, చలిగాలి రాకుండా కిటికీ మూసి, తలుపుకు గొళ్లెం వేసుకుంటారు. పొగ లేని ఆ బొగ్గే ఎక్కువ ప్రమాదం. స్నానాలు అయ్యాక మిగిలిన నిప్పులను కుంపట్లోకి ఎత్తి పిల్లలు పడుకునే గదిలో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి కూడా తెలియదు.

కాబట్టి హమామ్ ఉండాల్సింది ఆరుబయట, లేదా రెండు వైపులా తెరిచి ఉన్న వరండాలో. పైన రేకు నీడ ఉన్నా ఫరవాలేదు, పక్కన గోడలు మూసి ఉండకూడదు. వేడినీళ్లను బకెట్‌తో లోపలికి తెచ్చుకోవాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టేవాళ్లు పైఇంటి కిటికీ ఎక్కడుందో కూడా చూడాలి. మన పొగ వాళ్ల పడకగదిలోకి పోతే ఆ పాపం మనదే.

లక్షణాలు ఇవి: తల బరువు, తలనొప్పి, కడుపులో తిప్పడం, కాళ్లు తేలిపోవడం, తికమక. జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే, బయటికి వెళ్లగానే తగ్గుతుంటే, అది గ్యాసే అనుకోవాలి. ముందు మనిషిని బయటి గాలిలోకి తేవాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ‘బొగ్గు దగ్గర ఉన్నాం’ అని తప్పకుండా చెప్పాలి. ఇంకో మాట. కోవిడ్ రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను ఈ విషయంలో నమ్మకూడదు. అది మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది. 98 కనిపించింది కదా అని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

పొగ వెనక్కి తన్నుతుంటే

ఎక్కువ ఇళ్లలో వచ్చే ఫిర్యాదు ఇదే. పొగ పైకి పోకుండా కింది తలుపులోంచి, లేదా పైనుంచి మొహం మీదికి వస్తుంది. దానికి మొదటి కారణం బూడిద. నిన్నటి బూడిద అరలో నిండిపోయి జాలీని తాకుతుంటే గాలికి దారి ఉండదు. రోజూ వెలిగించే ముందు అర ఖాళీ చేయడం, జాలీ కన్నాల్లో ఇనుప పుల్ల ఆడించడం అనే రెండు నిమిషాల పనితోనే చాలా ఇళ్లలో సమస్య పోతుంది.

అయినా పొగ వస్తుంటే గొట్టం లోపల మసి చూడాలి. సెల్‌ఫోన్ లైటు వేసి పైనుంచి కిందికి చూస్తే చాలు. గొట్టం గోడకు మెత్తటి నల్ల దూది లాంటి మసి పట్టి ఉంటే అది పొడి మసి, కొబ్బరి చీపురు కట్టతోనో, గొట్టాలు తోమే తీగ బ్రష్‌తోనో రాలిపోతుంది. మెరిసే తారులాగా గట్టిగా అంటుకుని ఉంటే పచ్చి కట్టెలు కాల్చారని అర్థం. అది అంత సులువుగా రాదు. రెండు మూడు రోజులు బాగా ఎండిన కట్టెలతో, కింది తలుపు పూర్తిగా తెరిచి పెద్ద మంట పెడితే కొంత ఎండి పెళుసవుతుంది, చల్లారాక గీకొచ్చు. ఆ మంట పెట్టేటప్పుడు హమామ్ నిండా నీళ్లుండాలి. పైన రేకు గొట్టం తగిలించి ఉంటే దాన్ని మాత్రం విడదీసి శుభ్రం చేశాకే ఈ పని చేయాలి. తారు అంటుకున్న రేకు గొట్టం లోపల నిప్పు రాజుకోవచ్చు.

మూడో కారణం ఎవరికీ తట్టదు: చల్లటి గొట్టం. తెల్లవారుజామున లోపలి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. దాని కింద బొగ్గులు పెట్టి ఊదితే పొగ పైకి లేవదు. ముందు కాగితమో, కొబ్బరి పీచో, సన్నటి పుల్లలో వేసి ఒక్క నిమిషం భగ్గున మండనిస్తే గొట్టం వేడెక్కి గాలి పైకి లాగడం మొదలవుతుంది. అప్పుడు బొగ్గులు వేయాలి. లాగుతోందో లేదో తెలుసుకోవడానికి ఓ అగర్‌బత్తీ చాలు. వెలిగించి బూడిద అర తలుపు దగ్గర పట్టుకోవాలి. దాని పొగ లోపలికి పోతే దారి బాగుంది, బయటికి వస్తే ఎక్కడో అడ్డు ఉంది.

పైన రేకు గొట్టం లేని హమామ్‌కు ఒకటి చేయించుకోవడం మంచి ఖర్చు. గొట్టం ఎంత నిలువుగా, ఎంత పొడుగ్గా ఉంటే అంత లాగుతుంది. ఇంటి చూరు కిందే ఆపేస్తే గాలి కొట్టినప్పుడు వెనక్కి తంతుంది. వంపులు తక్కువ పెట్టించాలి, వాన పడకుండా పైన టోపీ ఉండాలి.

మంట బాగుంది, నీళ్లు మాత్రం కాగడం లేదు

నిప్పు వేడి నీళ్లకు చేరాలంటే రాగి గొట్టం దాటాలి. రాగి వేడిని అద్భుతంగా దాటిస్తుంది, కానీ దానికి ఒకవైపు మసి దుప్పటి, ఇంకోవైపు సున్నం దుప్పటి కప్పితే ఏం చేస్తుంది?

మసి సంగతి చెప్పుకున్నాం. సున్నం బోరు నీళ్లతో వస్తుంది. హైదరాబాద్‌లో నల్లా నీళ్లు రాని కాలనీల్లో, బోర్ల మీదే బతికే జిల్లా ఊళ్లలో నీళ్లు చాలా చోట్ల కఠినంగా ఉంటాయి. అలాంటి నీళ్లు కాగినప్పుడు వాటిలో కరిగి ఉన్న కాల్షియం పొడిగా విడిపోయి, బాగా వేడిగా ఉన్న చోట ముందు అంటుకుంటుంది. బాగా వేడిగా ఉండేది నిప్పు గొట్టమే. ఏళ్లు గడిచేకొద్దీ అది గుడ్డు పెంకులాంటి పెచ్చు అవుతుంది. నీళ్లు కాగేటప్పుడు గుడగుడమని, టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే పెచ్చు పేరుకుందని గుర్తు. పెచ్చు కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై పగిలే చప్పుడు అది.

దీన్ని సుత్తితో కొట్టి రాల్చేవాళ్లున్నారు. పాత రాగి రేకు మీద అలా కొడితే పెచ్చుతోపాటు చిల్లు కూడా పడుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీళ్లలో లీటరుకు 20 నుంచి 30 గ్రాముల లెక్కన కలిపి, నిప్పు పెట్టకుండా, రెండు మూడు గంటలు హమామ్‌లో ఉంచాలి. బుడగలు వస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. తర్వాత వదిలేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. పెచ్చు మందంగా ఉంటే ఇంకోసారి చేయాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోయడం మాత్రం వద్దే వద్దు. అది ఇత్తడిని తింటుంది, లోపలి కళాయిని తింటుంది, పైగా ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. బ్లీచింగ్‌ను ఏ పులుపుతోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

మసీ లేదు, పెచ్చూ లేదు, అయినా కాగడం లేదంటే గాలి ఎక్కువైంది. కింది తలుపు బార్లా తెరిచి వదిలేస్తే బొగ్గు తొందరగా కాలిపోతుంది, వేడంతా పైకి ఎగిరిపోతుంది. నిప్పు అంటుకున్నాక తలుపును రెండు వేళ్ల సందు ఉండేలా దగ్గరికి వేయాలి. పూర్తిగా మూయకూడదు. గాలి చాలక బొగ్గు ఊపిరాడనట్టు కాలితేనే పైన చెప్పిన మోనాక్సైడ్ ఎక్కువగా పుట్టేది.

గరాటు రకం హమామ్‌లో ఇంకో వింత జబ్బు ఉంది. మొదటి రెండు చెంబులు వేడిగా వచ్చి, మూడోది గోరువెచ్చగా అయిపోతుంది. నిప్పు చూస్తే బాగానే ఉంటుంది. అప్పుడు గరాటు కిందున్న సన్న గొట్టాన్ని అనుమానించాలి. అది మధ్యలో చిల్లు పడ్డా, తెగి ఊడినా చన్నీళ్లు అడుగుకు పోకుండా పైనున్న వేడినీళ్లలోనే కలిసిపోతాయి. గరాటులోంచి పొడుగాటి పుల్ల దించి చూస్తే గొట్టం ఎంతవరకు ఉందో తెలిసిపోతుంది. ఈ ఒక్క ముక్క మార్పిస్తే చాలు, హమామ్ అమ్ముకోవాల్సిన పని లేదు.

కారుతోందా, చెమట పడుతోందా?

వెలిగించిన పది నిమిషాల్లో కింద బూడిదలో సుయ్ సుయ్‌మని చుక్కలు పడితే అందరూ చిల్లు పడిందనుకుంటారు. తొందరపడకూడదు. చల్లటి నీళ్లున్న గొట్టానికి వేడి పొగ తగిలితే అందులోని తేమ చెమటలాగా పడుతుంది. నీళ్లు వేడెక్కేసరికి అది ఆగిపోతుంది. ఆగకపోతేనే చిల్లు.

ఖాయం చేసుకోవడానికి తేలిక పద్ధతి ఉంది. రాత్రి బూడిదంతా తీసేసి, గొట్టం తుడిచి, హమామ్ నిండా చన్నీళ్లు పోసి, జాలీ కింద పొడి న్యూస్‌పేపర్ పరచాలి. నిప్పు పెట్టకూడదు. పొద్దున్నే కాగితం తడిస్తే గొట్టానికి చిల్లు. డ్రమ్ బయట అంచు కింద తడిస్తే అతుకు పోయింది. నల్లా కింద మాత్రమే తడిస్తే హమామ్‌కు ఏమీ కాలేదు.

నల్లాలో రెండు రకాలు. గుండ్రంగా తిప్పేదైతే లోపలి వాషర్ అరిగి ఉంటుంది, వేడికి ఆగే వాషర్ అడిగి తెచ్చి వేయాలి. పాతకాలపు ఇత్తడి పిడి నల్లాకు వాషర్ ఉండదు, లోపలి ఇత్తడి బిరడా అరిగితే సన్నటి పొడితో రుద్ది కూర్చోబెట్టాలి, అది తెలిసిన మనిషి చేయాలి. చవగ్గా వస్తుందని ప్లాస్టిక్ నల్లా బిగిస్తే వేడికి మెత్తబడి ఒకరోజు ఊడి చేతిలోకి వస్తుంది, కాళ్ల మీద కాగిన నీళ్లు పడతాయి.

చిల్లు విషయంలో ఎం-సీల్ లాంటి ముద్దలు బయటి డ్రమ్ మీద కొన్నాళ్లు ఆపుతాయేమో, నిప్పు తగిలే గొట్టం మీద మాత్రం నిలవవు. మామూలు టంకం కూడా అంతే. ఎలక్ట్రికల్ పనుల్లో వాడే సీసం, తగరం కలిపిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. గొట్టానికి ఇత్తడితోనో వెండి కలిసిన కడ్డీతోనో గ్యాస్ మంట మీద అతికించాలి. కంచరి పనివాళ్లు దొరక్కపోతే, ఫ్రిజ్, ఏసీ రిపేరు చేసేవాళ్లను అడగొచ్చు. రాగి గొట్టాలు అతకడం వాళ్ల రోజువారీ పని, చిన్న చిల్లు అయితే చేయగలరు. రేకు అంతా పలచబడి, వేలితో నొక్కితే లోపలికి పోతుంటే మాత్రం ఎంత అతికినా పక్కనే ఇంకోటి పడుతుంది. అప్పుడు తూకానికి వేయడమే నయం.

ముందు నీళ్లు, తర్వాత నిప్పు

హమామ్‌లు పాడవడానికి తరచుగా కనిపించే కారణం ఖాళీ హమామ్ కింద నిప్పు ఉండటం. నీళ్లున్నంతసేపు రాగి గొట్టం నీళ్ల వేడికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది, వేడిని నీళ్లు లాగేస్తాయి కాబట్టి. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి, అంత దాకా పోదు. కానీ లోపలి కళాయి తగరం, అది 232 డిగ్రీలకే కరిగి కారిపోతుంది. అతుకులు సడలుతాయి. ఎర్రగా కాలిన ఖాళీ గొట్టం మీద ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే రేకు వంకరపోవడమే కాదు, ఆవిరి ఎగజిమ్మి మొహం కాలుతుంది. పొరపాటున ఖాళీ అయితే నీళ్లు పోయొద్దు. నిప్పులు కిందికి లాగేసి, పూర్తిగా చల్లారే దాకా ఆగాలి.

నల్లా రకం హమామ్‌లో ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది. ఆఖరున స్నానం చేసినవాళ్లు అడుగు దాకా పట్టేసుకుని వెళ్లిపోతారు, నిప్పు ఇంకా ఉంటుంది. ఒక బకెట్ తీస్తే ఒక బకెట్ పోయాలి అని ఇంట్లో అందరికీ, పిల్లలతో సహా, అలవాటు చేయాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి. తొందరగా కాగుతాయని మూత మీద రాయి పెట్టడం, ఆవిరి పోయే కన్నాన్ని గుడ్డతో మూయడం, లేదా ప్లంబర్‌తో హమామ్‌ను నేరుగా పైప్‌లైన్‌కు కలిపి రెండు వైపులా వాల్వులు బిగించడం. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరికి దారి లేకపోతే హమామ్ బాంబులా పగులుతుంది. పల్చటి రాగి రేకు ఒత్తిడికి ఆగేలా చేసింది కాదు. చట్టం దృష్టిలో బాయిలర్ అంటే ఒత్తిడితో ఆవిరి తయారుచేసేది. 1923 నాటి బాయిలర్ల చట్టమైనా, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టమైనా చూసేది వాటినే. మూతి తెరిచి ఉన్న ఇంటి హమామ్‌ను తనిఖీ చేయడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చూసుకోవాల్సింది ఇంటివాళ్లే.

బొగ్గు అయిపోయిందని అదే హమామ్‌లో కరెంటు రాడ్ వేలాడదీయడం కూడా కొన్ని ఇళ్లలో ఉంది. రాగి డ్రమ్, తడి నేల, పాత రాడ్. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఏ బొగ్గు, ఎంత ఖర్చు

కట్టె బొగ్గు, రాక్షసి బొగ్గు రెండూ ఒకటి కాదు. సింగరేణి ప్రాంతంలో గనిబొగ్గు సులువుగా దొరుకుతుంది కాబట్టి హమామ్‌లో కూడా అదే వేద్దామనిపిస్తుంది. కానీ గోదావరి లోయ బొగ్గులో బూడిద ఎక్కువ. అది కాలి జాలీ మీద రాళ్లలాగా గడ్డకడుతుంది, ఇనుప పుల్లతో పొడిస్తే తప్ప గాలి ఆడదు. అందులోని గంధకం తడి తగిలితే రాగిని తినేస్తుంది. ఆ మంట తీవ్రతకు సన్న జాలీలు వంగిపోతాయి. తప్పనిసరైతే మందపాటి పోత ఇనుప జాలీ వేయించి, కట్టె బొగ్గు మీద గుప్పెడు గుప్పెడుగా కలపాలి. కట్టెల్లో తుమ్మ, చింత, కోస్తా వైపు సర్వి బాగా కాలతాయి. కొబ్బరి చిప్పలు మంచి వేడినిస్తాయి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్కలు, ప్లాస్టిక్ కవర్లు వేయకూడదు, ఆ పొగలో విషం ఉంటుంది.

లెక్క చూద్దాం. 40 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 1,600 కిలో కేలరీలు కావాలి. కిలో కట్టె బొగ్గులో సుమారు 7,000 ఉంటాయి. మొత్తం నీళ్లకే చేరితే పావు కిలో చాలు, కానీ సగం వేడి పొగతో పోతుంది కాబట్టి అర కిలో పడుతుంది. ఎండు కట్టెలైతే దగ్గర దగ్గర కిలో. అదే పనికి కరెంటు రెండు యూనిట్ల లోపే. యూనిట్ 6 రూపాయలు, బొగ్గు కిలో 40 రూపాయలు అనుకుంటే కరెంటుకు 12, బొగ్గుకు 20. అంటే బొగ్గు కొని కాల్చితే హమామ్ చవక కాదు. పెరట్లో కొమ్మలు, చిప్పలు ఊరికే దొరికే ఇంటికే అది లాభం. ‘కరెంటు బిల్లు తగ్గుతుంది’ అని కొత్తగా కొనేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని 5 సెకన్లలో కాలుస్తాయి, పిల్లలకు అంతసేపు కూడా పట్టదు. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడివి కలపాలి. 60 డిగ్రీల 40 లీటర్లకు అన్నే చన్నీళ్లు కలిపితే నాలుగు బకెట్ల పైచిలుకు స్నానానికి సరిపోయే నీళ్లు అవుతాయి.

ఆ నీళ్లు తాగొచ్చా?

వద్దు. స్నానానికి, బట్టలకు సరే. టీకి, అన్నానికి, పసిపిల్లల పాలకు హమామ్ నీళ్లు వాడకూడదు. పాత టంకంలో సీసం ఉంటుంది, కల్తీ కళాయిలో కూడా ఉండొచ్చు. రాత్రంతా నిలిచిన వేడినీళ్లలో అది కరుగుతుంది. నీళ్లు నీలిగానో ఆకుపచ్చగానో వస్తుంటే లోపల చిలుము పట్టిందన్నమాట. చింతపండు, ఉప్పు వేసి తోమి, బాగా కడిగి వాడాలి. లోపలికి చేయి దూరని రకానికి నిమ్మ ఉప్పు నీళ్లే మార్గం. కళాయి చేయిస్తే ముందే మాట్లాడుకుని, కల్తీ లేని తగరం వాడమని అడగాలి. నవసాగరం చల్లినప్పుడు తెల్లటి పొగ వస్తుంది, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

బూడిద, ఎండాకాలం

పైకి చల్లారిన బూడిద లోపల నిప్పు మరుసటి రోజు దాకా ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లోనో, చెత్త ఆటోలోనో వేస్తే అక్కడ కాగితాలు అంటుకుంటాయి. మూత ఉన్న ఇనుప డబ్బాలో ఒక రోజు ఉంచి, నీళ్లు చల్లి పడేయాలి. కట్టె బూడిద గిన్నెలు తోమడానికి, మొక్కలకు కొంచెం పనికొస్తుంది. రాక్షసి బొగ్గు బూడిద రెండింటికీ పనికిరాదు.

ఫిబ్రవరి దాటాక చాలామంది హమామ్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తారు. లోపల అరబకెట్ నీళ్లు, కింద బూడిద. వానాకాలం తేమకు ఆ బూడిద తడిసి అడుగు రాగిని తినేస్తుంది. వచ్చే డిసెంబరులో ‘నిరుడు బాగానే ఉంది కదా’ అనే చిల్లు ఇలాగే పడుతుంది. కాబట్టి సీజన్ ఆఖరి రోజున నీళ్లన్నీ వంపేయాలి, బూడిద, మసి పూర్తిగా తీసేయాలి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. నల్లా తెరిచి ఉంచి, పైన రేకు గొట్టం మూతికి జాలీ గుడ్డ కట్టి, నేలకు తగలకుండా రెండు ఇటుకల మీద పెట్టాలి.

మళ్లీ మొదటిసారి వెలిగించే రోజున ఆ గుడ్డ విప్పడం మర్చిపోకూడదు. గొట్టంలోకి లైటు వేసి చూడాలి, పిచ్చుకలు గూడు పెట్టి ఉండొచ్చు. బూడిద అరలోకి చేయి పెట్టే ముందు కర్రతో తట్టాలి. చల్లగా, చీకటిగా ఉండే ఆ అర తేళ్లకు బాగా నచ్చే చోటు.